చక్రపుకుండ కారుచున్నదా? సీలు మార్చుటకు ముందు కారణము వెదకుడు



ఈ మాసమున ఎరువులను గూర్చియో, పురుగుమందులను గూర్చియో వ్రాయక, ట్రాక్టరు చక్రమునుండి కారు నూనెను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను మన గుంటూరు, ప్రకాశం మైదానములలో దుక్కి మొదలు మిర్చియార్డునకు టిక్కీలు చేర్చువరకు సేద్యమంతయు నేడు ట్రాక్టరు చక్రములమీదనే నడచుచున్నది. ఆ చక్రము నిలిచిన దినమున సేద్యమును నిలుచును. చక్రము నిలుచుటకు ఎన్నో దినములు ముందుగానే, అనేక పర్యాయములు, కుండవెనుక ఒక నూనెబొట్టు కనబడుచుండును. ఆ బొట్టును మనలో కొందరు చూచియు చూడనట్లు పోవుదురు. మరికొందరు సీలు మార్పించి పని ముగిసినదని తలంతురు. ఈ రెండు పద్ధతులును నష్టకరములే యని నా అభిప్రాయము. కారుచున్న సీలు చాల తరచుగా మరియొక లోపమునకు ఆనవాలు. ఆ లోపమును కనుగొనక సీలు మాత్రము మార్చుట పైకమునకు చేటు. ఆ బండిని బరువుతో రోడ్డెక్కించుట ప్రాణమునకే చేటు. కావున ఈ పరీక్షను ఎవరికి వారికి వదలివేయక, మన సంఘమే ఏటేట జరిపింపవలయునని ఈ వ్యాసమున ప్రతిపాదించుచున్నాను.

చక్రమునకు నూనె కావలెనను సంగతి మనకు క్రొత్తది కాదు. ఎడ్లబండ్ల కాలమున ఇరుసునకు కందెన వేయక పొరుగూరికి పయనమైన రైతు లేడు. కాల్చిన గడ్డిమసిని ఆముదముతో కలిపి, బండిక్రింద గొట్టములో వ్రేలాడగట్టుకొని, కడసీల తీసి, చక్రమును కొంచెము వెలుపలికి లాగి ఇరుసునకు పూసెడివారు. ఇరుసునకు కందెన కావలెనను మాటను మన బడిపిల్లలు శతకపద్యములోనే నేర్చుకొందురు. ఆ బండిలో కందెన బయటికి కారినను పెద్ద భయము లేదు. మరల పూయుటయే దానికి మందు. కుండలో కొయ్యయు ఇనుమును తప్ప వేరేమియు లేవు. బండి నడక ఎద్దునడకయే. రబ్బరుటైర్ల బండ్లు, పిదప ట్రాక్టర్లు వచ్చిన తరువాత కుండలోనికి ఉక్కు బేరింగులు ప్రవేశించినవి. బేరింగునకు కందెన ఎంత అవసరమో, దుమ్మును నీటిని దగ్గరకు రానీయకుండుటయు అంత అవసరము. లోపలి నూనెను బయటికి పోనీయక, బయటి బురదను లోపలికి రానీయక కాచు ద్వారపాలకుడే ఆయిల్ సీలు.

సీలు అనగా ఇనుపరేకు చట్రమునకు రబ్బరు పోతపోసిన ఒక కడియము. దాని లోపలి అంచునకు పెదవి యని పేరు. పెదవిచుట్టు సన్నని స్ప్రింగు ఉండి, అది ఇరుసును అన్నివైపుల సమముగా తాకునట్లు నొక్కి పట్టును. పెదవికిని ఇరుసునకును నడుమ తలవెండ్రుకకంటె ఎన్నో రెట్లు పలుచనైన నూనెపొర నిలిచియుండును. ఆ పొర నిలిచినంతకాలము పెదవి అరగదు, నూనె కారదు. పొర ఎండినచో పెదవి మాడును. పొరలో ఇసుక చేరినచో పెదవియే గాక ఉక్కు ఇరుసు సైతము అరుగును. మొదట ఇట్టి సీళ్ళు తోలుతో చేయబడెడివి. జర్మనీ దేశమున వైన్‌హైము పట్టణమందలి ఫ్రాయిడెన్‌బర్గు అను తోళ్ళ పరిశ్రమవారు 1930వ దశకమున మోటారుబండ్లకు తోలుసీళ్ళు చేసి, ఆ దశకములోనే తోలునకు బదులు కృత్రిమరబ్బరును వాడసాగిరి. నేడు అంగళ్ళలో సాధారణముగ దొరకు నైట్రైల్ రబ్బరు సీళ్ళు సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడివరకు ఓర్చును. అంతకు మించిన వేడిలో పనిచేసినచో పెదవి గట్టిపడి పగులును.

అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశముల రైతులు పొలములలో తిరుగుటకు ఏటీవీ అను చిన్న నాలుగుచక్రముల బండ్లను వాడుదురు. బురదలోను నీటిలోను తిరుగు ఆ బండ్లను పీడించు జబ్బుకూడ ఇదియే. మన ప్రాంతమున ఆ స్థానమున ఉన్నవి నాలుగుచక్రములు లాగు చిన్న ట్రాక్టర్లు, పెద్ద ట్రాక్టర్లు, వానివెనుక తగిలించు ట్రక్కులు. బండి ఏదైనను సీలు స్వభావమొక్కటే. కావున పరీక్షించు క్రమము కూడ ఒక్కటియే.

మన నేల ఈ సీళ్ళకు కఠినపరీక్ష పెట్టును. నల్లరేగడి తడిసినపుడు ఉబ్బి, జిగటయై చక్రమునకు అంటుకొనును. ఎండినపుడు బీటలువారి, బెడ్డలై, మెత్తని ధూళియై లేచును. 1967లో నాగార్జునసాగరము నీరు కాలువలకు విడువబడిన తరువాత, కుడికాలువ క్రింద మాగాణియు మెట్టయు ప్రక్కప్రక్కనే సాగగుచున్నవి. అందుచేత ఒకే ట్రాక్టరు వర్షకాలమున వరిమడిలో దమ్ము చేయును. పిదప ప్రత్తిసాళ్ళలో గుంటక లాగును. జనవరి మొదలుకొని మిరపకాయలు మోయును. దమ్ములో కుండ నీటమునుగును, దుక్కిలో ధూళి త్రాగును, బరువులో వేడెక్కును. ఇదిగాక మిరపతోటలో పరచు మల్చింగుషీటు ముక్కలు, డ్రిప్పుగొట్టములు, ప్లాస్టిక్ పురికొసలు, ప్రత్తికట్టె పీచు ఇరుసునకు చుట్టుకొని, కుండవెనుకకు ప్రాకి, సీలు పెదవిని కోయుచున్నవి. ఈ పీచు బయటికి కనబడదు. చక్రము విప్పి చూచినవానికే కనబడును.

ఇక పరీక్షాక్రమము. ముందుగా కారుటలోని తరతమములను గుర్తింపవలయును. చెమ్మ, బొట్టు, ధార అని మూడు విధములు. సీలు అంచున దుమ్ము అంటుకొనునంతటి చెమ్మ ఉండి, బొట్టు కట్టకున్నచో దానిని గమనించుచు పని సాగింపవచ్చును. బొట్టు కట్టి జారుచున్నచో ఆ వారములోనే విప్పవలయును. ధారగా కారుచున్నచో ఆ క్షణముననే బండి నిలుపవలయును. అయితే బ్రేకు ఉన్న చక్రమునకు ఈ విభాగము చెల్లదు. అచ్చట చెమ్మ కూడ ధారతో సమానమే. దాని కారణము ముందు చెప్పెదను. బొట్టే కదాయని చులకన చేయువారు ఒక లెక్క చూడవలయును. సుమారు 20 బొట్లు ఒక మిల్లీలీటరు. బండి పనిచేయు సమయమున నిమిషమునకు ఒక బొట్టు చొప్పున పడినచో, దినమునకు 10 గంటల పనిలో 600 బొట్లు, అనగా 30 మిల్లీలీటర్లు. నెలకు దాదాపు ఒక లీటరు. చిన్న ట్రాక్టరు ముందుకుండలో పట్టు నూనె కొద్దిపాటిదే. ఆ కుండకు నెలదినములలో ఏమి మిగులునో మీరే ఊహింపుడు.

రెండవది, నూనె ఎచ్చటనుండి వచ్చుచున్నదో తెలిసికొనుట. నూనె క్రిందికి జారును, చక్రము త్రిప్పుటచే చుట్టును చిమ్మును. కావున తడి కనబడిన చోటు కారిన చోటని నమ్మరాదు. చక్రపు లోపలివైపును డీజిలులో ముంచిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, సన్నని సున్నపుపొడిగాని ముఖమునకు పూసికొను పౌడరుగాని చల్లవలయును. బండిని పావుగంట నడిపి చూచినచో పొడిమీద మొదటి తడిగీత ఎచ్చట పుట్టినదో తెల్లముగ కనబడును. అది సీలు పెదవివద్దనా, సీలు వెలుపలి చుట్టువద్దనా, మూత బోల్టులవద్దనా, నూనెపోయు బిరడావద్దనా యని చూడవలయును. బిరడా వాషరు పాడయి కారుచుండగా సీలు మార్చిన సందర్భములు పెక్కులు. గ్రీజుగన్నుతో మితిమీరి గ్రీజు ఎక్కించినచో, మిగిలినది పెదవిని త్రోసికొని బయటికి వచ్చును. అది కారుట కాదు, మన ఉదారతయే. కుండలోని ఖాళీచోటులో మూడవవంతు మొదలు సగమువరకు గ్రీజు చాలును. నిండుగ కూరినచో గ్రీజు చిలుకబడి వేడెక్కి, సీలును చెరచును.

మూడవది, మిక్కిలి ముఖ్యమైనది, బ్రీదరు. నూనె ఉండు ఇరుసుపెట్టెపై గాలి ఆడుటకై చిన్న రంధ్రముగల మూత ఉండును. బండి పనిచేయునపుడు లోపలిగాలి వేడెక్కి వ్యాకోచించును. రంధ్రము తెరచియున్నచో ఆ గాలి దానిగుండ పోవును. పూడియున్నచో ఆ గాలికి వేరు త్రోవ లేక, నూనెను వెంటబెట్టుకొని సీలుపెదవిని త్రోసికొనిపోవును. ఇంకొక కీడు కలదు. వేడెక్కిన కుండ కాలువనీటిలో దిగినపుడు లోపలిగాలి ఒక్కసారి చల్లబడి ముడుచుకొనును. అపుడు బ్రీదరు పనిచేయనిచో కుండ పెదవిగుండ బురదనీటిని లోనికి పీల్చుకొనును. నూనె పాలవలె తెల్లబారుట ఇందుకు గుర్తు. నేనెరిగిన ఒక గ్రామమున ఒక రైతు తన చిన్న ట్రాక్టరుకు ఒకే వర్షకాలమున మూడు పర్యాయములు ముందుచక్రపు సీలు మార్పించెను. ప్రతిసారియు సీలు నాసిరకమని అంగడివానిని దూషించెను. నాలుగవసారి విప్పి చూడగా బ్రీదరు రంధ్రము ఎండిన రేగడితో సిమెంటు పోసినట్లు పూడియుండెను. దానిని డీజిలుతో కడిగి, సన్నని తీగతో శుభ్రపరచి, అదే రకపు సీలు వేయగా తరువాత ఆ చక్రమునుండి బొట్టు పడలేదు. మూడు సీళ్ళ వెల, మూడు దినముల కూలి, అదనుతప్పిన దుక్కి, ఇవన్నియు ఒక రంధ్రమును చూడకపోవుటవలన కలిగిన నష్టము.

నాలుగవది బేరింగు సడలిక. చక్రమును నేలనుండి లేపి, పైభాగమున ఒక చేయి, క్రిందిభాగమున ఒక చేయి ఉంచి లోనికి వెలుపలికి ఊపవలయును. కటకటమని కదలినచో బేరింగు సడలినదనియో, అరిగినదనియో తెలియవలయును. ఇరుసు మధ్యనుండి తొలగి తిరుగుచున్నపుడు ఎంత మంచి సీలైనను ఒకవైపు నలిగి, ఒకవైపు నోరు తెరచును. అట్టి కుండకు క్రొత్తసీలు వేయుట పునాది క్రుంగిన గోడకు సున్నము వేయుటవంటిది. ముందుచక్రములలో కదలిక బేరింగుదా, చక్రము మలుపుత్రిప్పు కీలుదా యని వేరుపరచుటకు రెండవ మనుష్యుడు దగ్గరగా కూర్చుండి ఎచ్చట ఎడము ఏర్పడుచున్నదో చూడవలయును. పిదప చక్రమును చేతితో త్రిప్పి చెవియొగ్గినచో, గరగర శబ్దము వచ్చు బేరింగు తన సంగతి తానే చెప్పును. రోడ్డుపై కొన్ని మైళ్ళు బరువులాగిన పిదప నాలుగు కుండలను చేతివెనుకభాగముతో తాకి చూచు అలవాటు చేసికొనుడు. ఒకటి కాలుచుండి, తక్కినవి గోరువెచ్చగా నున్నచో, ఆ కాలునది చికిత్స కోరుచున్నదని ఎరుగవలయును.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక. రేగడినేలలో జాకీ క్రుంగును. గట్టినేలమీద మందమైన పలకవేసి దానిపై జాకీ నిలుపవలయును. తక్కిన చక్రములకు రాళ్ళడ్డము పెట్టవలయును. ఇరుసుక్రింద దుంగలుగాని స్టాండ్లుగాని పెట్టకుండ జాకీని మాత్రమే నమ్మి ఎవరును బండిక్రిందికి చేయి చాపరాదు.

ఐదవది ఇరుసుపై పడిన గాడి. పాతసీలు తీసిన తరువాత, పెదవి ఒరసినచోట ఇరుసుపై గోరు నడిపి చూడుడు. గోరు తట్టుకొన్నచో ఇసుక అచ్చట గాడి కోసినదన్నమాట. ఆ గాడిలో క్రొత్తపెదవి ఎన్నటికిని సరిగా కూర్చుండదు. చోటున్నచో క్రొత్తసీలును రెండు మూడు మిల్లీమీటర్లు లోనికి గాని వెలుపలికి గాని జరిపి, పెదవి అరగని ఉక్కుపై పడునట్లు చేయవచ్చును. చోటులేనిచో గాడిపై తొడుగు పలుచని ఉక్కుగొట్టము దొరకును. దానిని స్లీవు అందురు. పెద్ద ఖర్చు లేకయే ఇరుసు బాగుపడును.

ఆరవది పీచును త్రాళ్ళును. విప్పిన ప్రతిసారియు కుండవెనుక చుట్టుకొన్నదానిని కత్తితో లాగక, చిక్కుతీసి తొలగింపవలయును. కత్తిమొన పెదవిని గీసినచో శ్రమయంతయు వృథా. మిరపతోట దున్నకముందే పాత మల్చింగుషీటును, డ్రిప్పుగొట్టములను ఏరివేయు రైతుకు ఈ బాధ సగము తప్పును.

కారణము తెలిసి, దానిని సరిచేసిన తరువాతనే క్రొత్తసీలు. సీలుమీద మూడు అంకెలు చెక్కియుండును. ఉదాహరణమునకు 35-52-7 అని యున్నచో, లోపలి వెడల్పు 35, వెలుపలి వెడల్పు 52, మందము 7 మిల్లీమీటర్లు అని అర్థము. చూచుటకు సరిపోయినట్లున్నదని కొనక, అంకెలు కలియునది కొనవలయును. బురదలో పనిచేయు చక్రములకు ధూళిని ఆపు రెండవ పెదవిగల సీళ్ళు మేలు. దమ్ముకొరకే అనేక పెదవులను ఒక పెట్టెలో అమర్చిన క్యాసెట్టు సీళ్ళు కూడ కొన్ని ట్రాక్టర్లకు దొరకును. వెల హెచ్చైనను మాగాణి రైతునకు గిట్టుబాటగును. అమర్చునపుడు స్ప్రింగు ఉన్న ముఖము నూనెవైపునకు ఉండవలయును. పెదవికి ముందుగ నూనెగాని గ్రీజుగాని రాయవలయును. ఎండుపెదవి మొదటి మైలులోనే మాడును. ఇరుసుమీద వాడి అంచులున్నచో పలుచని కాగితము చుట్టి దానిమీదుగా జార్పవలయును. సుత్తితో ఒక ప్రక్క కొట్టరాదు. సీలు వెడల్పునకు సరిపోవు గొట్టమునో చెక్కనో పెట్టి నలుప్రక్కల సమముగ దిగునట్లు మెల్లగ తట్టవలయును. ట్రక్కు కుండలలో బేరింగునట్టును చక్రము త్రిప్పుచు బిగించి, చక్రము బరువుగా తిరుగునపుడు నిలిపి, పిదప తరువాతి గాడివరకు సడలించి, క్రొత్త స్ప్లిట్‌పిన్ను వేయవలయును. కంపెనీ పుస్తకమున వేరుకొలత ఉన్నచో దానినే పాటింపవలయును. నూనె కూడ పుస్తకమున చెప్పినదే పోయవలయును గాని, ఇంజనునుండి తీసిన నల్లనూనె పోయరాదు. బండి కడుగునపుడు సర్వీసుస్టేషను నీటిధారను సూటిగా సీలుమీదికి పట్టించరాదు.

ఈ పద్ధతులకు వ్యతిరేకముగ చెప్పబడు మాటలను కూడ విచారింతము. “కారినంత పోయుదుము, పంట గట్టెక్కిన పిదప చూతము” అని కొందరందురు. పోయుచున్నది బయటికి పోయినదానికి బదులే గాని, లోనికి వచ్చిన బురదకు బదులు కాదు. కందెన కాలపు బుద్ధి ఇక్కడ చెల్లదు. మరికొందరు సీలుచుట్టు దారము చుట్టుటయు, బంక పూయుటయు, నూనెకుండలో దట్టమైన గ్రీజు కూరుటయు చేయుచున్నారు. దారము పెదవిని తినును; నూనెలో తిరుగవలసిన పండ్లచక్రములకు గ్రీజు అందదు. “ఇది మెకానిక్కు పని, రైతునకెందుకు?” అనువారును కలరు. విప్పుట, బిగించుట మెకానిక్కు పనియే. ఆటోనగరులలో నేర్పరులగు పనివారు అనేకులు కలరు. వారియెడల నాకు గౌరవము కలదు. అయితే బ్రీదరు పూడినదో లేదో, కాలువలో దిగినదో లేదో, ప్రత్తికట్టె చుట్టుకొన్నదో లేదో పొలములో ఉన్నవానికే తెలియును. రైతు సీలు మార్చుమని చెప్పినచో అతడు సీలే మార్చును. “ఎందుకు కారుచున్నదో చూడుము” అని చెప్పినచో కారణము వెదకును. అడుగు మాటలోనే సగము పనియున్నది.

ధరలు పడిపోయిన సమయమున ఈ ఖర్చెందుకను మాట కూడ వినబడును. మిరప ధరలు పడినందున 2025 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయల ధర నిర్ణయింపవలసివచ్చిన సంగతి మనమెరిగినదే. అట్టి యేడు ఒకే సీలును మూడుసార్లు కొనుటకు మన యొద్ద పైకమున్నదా? సీలు వెల వందలలో ఉండును. బేరింగులు, ఇరుసు, పండ్లచక్రములు చెడినచో వేలలోనికి పోవును. పేదరికము పరీక్ష మానుటకు కారణము కానేరదు. పరీక్ష చేయుటకే కారణమగును.

ఇక బ్రేకుమాట. కొన్ని ట్రాక్టర్లలో, ముఖ్యముగ పాతవానిలో, వెనుకచక్రముల బ్రేకులు పొడిగ ఉండి పనిచేయవలసినవి. వెనుక ఇరుసు సీలు కారినచో నూనె బ్రేకుపలకలపై పడును. పెడలు నొక్కినను అవి పట్టక జారును. ట్రాక్టరునకు కుడి ఎడమ బ్రేకులు వేరువేరు. ఒకవైపు నూనెతగిలి, ఒకవైపు పొడిగ ఉన్నచో, రోడ్డుపై గట్టిగ నొక్కినపుడు ట్రాక్టరు పొడివైపునకు మొగ్గి తిరుగును. వెనుక ట్రక్కునిండ టిక్కీలుండి, ట్రక్కునకు బ్రేకే లేక, ఆ బరువు ముందునకు త్రోయుచున్నపుడు ఏమగునో వివరింపనక్కరలేదు. అందుచేతనే బ్రేకువైపు చెమ్మను ధారగా ఎంచుమని చెప్పితిని. క్రొత్త ట్రాక్టర్లలో నూనెలో మునిగి పనిచేయు బ్రేకులుండును. వానికి ఈ భయము తక్కువయైనను, నూనె తగ్గినచో అవియు చెడును.

ట్రక్కులో టిక్కీలే ఉండుటలేదు. మిరపకోతకాలమున తెల్లవారుజామున ట్రక్కునిండ కూలిస్త్రీలు నిలుచుండి పొరుగూళ్ళకు పోవుట మనము నిత్యము చూచుచున్నాము. 2020 మే 14వ తేదీన ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలమున మిరపతోటలో పనిముగించి తిరిగివచ్చుచున్న కూలీల ట్రాక్టరు విద్యుత్‌స్తంభమునకు తగిలి, అనేకులు ప్రాణములు కోల్పోయిరి. అది సీలు కారుటవలన జరిగిన ప్రమాదమని నేను చెప్పుటలేదు. ట్రక్కులో మనుష్యులుండగా ఏ చిన్న లోపమైనను ఎంతటి విపత్తగునో తెలియుటకు మాత్రమే దానిని స్మరించుచున్నాను. సరకులు మోయు ట్రక్కులో మనుష్యులను ఎక్కించుట చట్టమునకు విరుద్ధము. చట్టము మాట అటుండ, మన కాయలు కోయవచ్చినవారిని క్షేమముగ ఇల్లు చేర్చుట మన ధర్మము. గ్రీజు కారిపోయి, నీరుచేరి త్రుప్పుపట్టిన బేరింగు పగిలినచో చక్రము కుండతోసహ ఊడిపోవును. అది ముందుగ కబురుచేసి ఊడదు. అది చేయు కబురంతయు ఆ నూనెమరకయే.

ఆ మరకను మొదట చూచువాడు డ్రైవరు. అతడు చెప్పుట లేదేమి? ట్రిప్పునకు ఇంత యని కూలి తీసికొనువానికి బండి నిలిచినచో ఆనాటి కూలి పోవును. చెప్పినచో “నీవే పాడుచేసితివి” అను నింద కూడ వచ్చును. అట్టివాడు మరకను తుడిచి ఊరకుండుట సహజమే. ఈ దోషము డ్రైవరుది కాదు. అతనికి కూలికట్టు మన పద్ధతిది. లోపమును చెప్పినవానికి ఆనాటి కూలి ఇచ్చి, మంచిమాట చెప్పినచో, సంవత్సరమున ఎన్ని బేరింగులు మిగులునో లెక్కకు రాగలదు.

ఉమ్మడిగొడ్డు పుచ్చి చచ్చెనను సామెత మనకుండనే ఉన్నది. 2022 జూను నెలలో గుంటూరులో జరిగిన సభలో ప్రభుత్వము రైతుసంఘములకు ట్రాక్టర్లను పంచినది. మన ప్రాంతమున అనేక సంఘములు యంత్రములను బాడుగకిచ్చుచున్నవి. పలువురు వాడు యంత్రమునకు తుడుచువాడు లేకపోవుట లోకసహజము. కావుననే ఈ పని సంఘమే పూనుకొనవలయును. రాబోవు సర్వసభ్యసమావేశమున ఆలోచించుటకై ఈ క్రింది అంశములను మనవి చేయుచున్నాను.

1. సంవత్సరమునకు రెండుమార్లు, మిరపబేరములు ముగిసిన వేసవిలో ఒకసారి, కాయకోతకు ముందు డిసెంబరులో ఒకసారి, సంఘపు గోదామువద్ద చక్రపరీక్షాదినము జరుపవలయును. సంఘపు యంత్రములే గాక సభ్యుల ట్రాక్టర్లు, ట్రక్కులు కూడ అచ్చటికి రావలయును.

2. ప్రతి యంత్రమునకు ఒక చక్రముల చిట్టా ఉండవలయును. ఏ చక్రము, ఏ తేదీ, ఏ అంకెల సీలు, నూనెమట్టము, కనుగొన్న కారణము అందు వ్రాయవలయును. కారణపు గడి ఖాళీగానున్న మరమ్మతునకు సంఘము బిల్లు చెల్లింపరాదు.

3. సభ్యుల యంత్రములకు సరిపోవు సీళ్ళు, బేరింగులు, వాషర్లు నమ్మకమైనచోట టోకున కొని, సంఘపు అంగడిలో కొన్నవెలకే ఇయ్యవలయును. ఎరువులను, విత్తనములను ఇట్లు తెచ్చుకొన్నవారికి ఇది కష్టము కాదు.

4. ఊరి యువకులిద్దరిని యంత్రములపనిలో శిక్షణకు పంపవలయును. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వపు వ్యవసాయయంత్రముల శిక్షణ, పరీక్షాసంస్థ కలదు. దగ్గరలో బాపట్లయందు వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల కలదు. పరీక్షాదినమున అచ్చటి ఉపాధ్యాయులను ఆహ్వానింపవచ్చును.

5. బ్రేకువైపు తడియున్న యంత్రమును, కుండ కదలుచున్న ట్రక్కును సంఘము బాడుగకు ఇయ్యరాదు. అట్టి బండి నడపనన్న డ్రైవరునకు ఆనాటి కూలి సంఘమే ఇయ్యవలయును. సంఘపు ట్రక్కులో ఏ కారణమునను మనుష్యులను ఎక్కింపరాదు.

ఇందులో మొదటి రెండు అంశములకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఒక జాకీ, నాలుగు దుంగలు, కొంత డీజిలు, పాతగుడ్డలు, ఒక పుస్తకము చాలును. తక్కినవానికి కొంత సొమ్ము కావలయును. అయినను ఒక్క పెద్ద మరమ్మతు తప్పినచో అందులో కొంతైన తిరిగివచ్చును. సంఘము తీర్మానించువరకు ఆగక, ఈ వారముననే మీమీ బండ్ల చక్రములవెనుకకు వంగి చూడుడు. తడి కనబడినచో తుడిచి, పొడి చల్లి, కారణము వెదకి, ఆ పిమ్మటనే సీలు కొనుడని సభ్యులను ప్రార్థించుచున్నాను.